ఊరందరికీ బోరు వద్దని చెప్పే నేను మా నాయనకి పాయింట్ చూసి పెట్టాలా?

ఈసారి అనంతపురం వైపు నుంచి ఒక చెల్లి ఉత్తరం రాసింది. ఆరు పేజీలు. పేరు, ఊరు బయటికి రావద్దంది కాబట్టి ఆ రెండూ తీసేసి మిగతాది నా మాటల్లో చెప్తా.

తనకి 36 ఏళ్లు. జియాలజీలో ఎమ్మెస్సీ చేసి పదకొండేళ్లుగా ఒక స్వచ్ఛంద సంస్థలో పని చేస్తోంది. ఐడీ కార్డు మీద వాటర్ అండ్ శానిటేషన్ ఎక్స్‌పర్ట్ అని ఉంటుందంట, ఊళ్లల్లో మాత్రం అందరికీ నీళ్ల మేడం. బోర్లల్లో నీటి మట్టం కొలిపించడం, రైతులతో కూర్చుని నీళ్ల లెక్క వేయించడం, కొత్త బోర్ల జోలికి పోకుండా ఉన్నవాటితో ఎట్లా నెట్టుకురావాలో మాట్లాడటం, ఇంకోపక్క మురుగునీళ్లు, చెత్త షెడ్లు, ఇంకుడు గుంతలు, ఇదీ పని. భర్త, తొమ్మిదేళ్ల పాప, టౌన్లో కాపురం. పుట్టిల్లు అక్కడికి యాభై కిలోమీటర్లు.

నాయనకి 64. మొత్తం ఐదెకరాలు, అందులో మూడెకరాలు చీనీ (బత్తాయి) తోట, తొమ్మిదేళ్ల చెట్లు, లెక్కకి 330. ఇప్పటికి నాలుగు బోర్లు వేశాడు. రెండు దుమ్ము లేచాయి, మూడోది రెండేళ్ల కింద ఆగిపోయింది, నాలుగోది ఇరవై నిమిషాలు పోసి గాలి కొడుతోంది, మళ్లీ మూడు గంటలు ఆపితే గానీ నీళ్లు ఊరవు. చెట్లకి ఆకు ముడుచుకుంటోంది. ఉగాది అయ్యాక ఐదో బోరు వెయ్యాల్సిందే అని కూర్చున్నాడు, కొబ్బరికాయ పట్టుకుని పాయింట్ చూసే ఆయనకి కబురు కూడా పోయింది. బెంగళూరులో ఉన్న తమ్ముడు రెండు లక్షలు పంపిస్తానన్నాడు, చాలకపోతే అమ్మ మెళ్లో గొలుసు ఉంది. నాయన ఈ చెల్లిని అడిగింది డబ్బు కాదు. "ఊరందరికీ చూస్తావు గదా పాపా, మీ నాయనకి ఒక్క పాయింట్ చూడలేవా?" అన్నాడంట.

ఈ లోపల తను పని చేసే ఊళ్లో మీటింగ్ నడుస్తుంటే ఒక రైతు లేచి "మేడం, మీ నాయన అయిదో బోరు ఏస్తాండాడంట గదా" అన్నాడు, అందరూ నవ్వారు, తను కూడా నవ్వేసి ఇంటికొచ్చి రాత్రంతా నిద్ర పోలేదు.

అసలు సంగతి ఐదో పేజీలో ఉంది. నాయన పెళ్లికి పోయిన ఒక ఆదివారం తను ఆఫీసు రెసిస్టివిటీ మీటర్ (భూమిలోకి కరెంటు పంపి కింద ఏ రాయి ఎంత లోతుందో అంచనా వేసే మిషన్) తీసుకెళ్లి, పక్కింటి పిల్లోణ్ణి తోడు పెట్టుకుని, తోటంతా సర్వే చేసేసింది. కాస్త ఆశ పెట్టుకోదగ్గ చోటు ఒకటే దొరికింది, ఉత్తరం గట్టు పక్కన. అక్కడికి అరవై మీటర్లలో చిన్నాయన బోరు ఉంది, ఇప్పటికీ ఒకటిన్నర ఇంచు పోస్తోంది. చిన్నాయనకీ నాయనకీ ఆరేళ్లుగా మాటల్లేవు, గట్టు గొడవే. అమ్మా చిన్నమ్మా మాత్రం పొదుపు సంఘం మీటింగులో పక్కపక్కనే కూర్చుంటారంట. ఈ సర్వే సంగతి తను ఎవరికీ చెప్పలేదు, మొగుడిక్కూడా.

"పాయింట్ చెప్తే పదకొండేళ్లు నేను మాట్లాడిందంతా అబద్ధం అయిపోతుంది, చెప్పకపోతే కొబ్బరికాయ ఎక్కడ నిలబడితే అక్కడ వెయ్యి అడుగులు దింపుతారు, అప్పు నాయన నెత్తిన పడుతుంది, ఉద్యోగం మానేస్తే ఈ బాధ పోతుందా అక్కా" అని అడిగింది. చివర్లో ఇంకో రెండు లైన్లు, ఊరికే రాసినట్టు. మాది మూడొందల ఇళ్ల ఊరు, మురిక్కాలవ మా తోట చివర్లోకొచ్చి నిలబడుతుంది, ఆ కంపుకి అక్కడ కూర్చోలేం, మా ఊరికి కూడా నాలాంటి వాళ్లు ఎవరైనా వస్తే బాగుండు అని.

చెల్లీ, ముందు ఆ ఆదివారం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఉత్తరం మొత్తంలో నిన్ను తినేస్తోంది అదే అనిపించింది. ఆఫీసు మిషన్ చెప్పకుండా ఇంటికి తీసుకెళ్లడం తప్పే. పెద్ద తప్పు కాదు, కానీ దాచినకొద్దీ పెద్దదవుతుంది, ఆ పిల్లోడు ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో చెప్తాడు, పల్లెటూళ్లో నాలుగు ఇనప కడ్డీలు భూమిలో కొట్టి వైర్లు లాగితే చూడని కన్ను ఉండదు. రేపు ఆఫీసుకెళ్లి, ఫలానా రోజు మా తోటలో వాడాను అని మీ పెద్దవాళ్లకి చెప్పి, బయట రైతుకి సర్వే చేస్తే ఎంత తీసుకుంటారో అంత కట్టి రసీదు తీసుకో. ఓ నాలుగు మాటలు అంటారు, పడు. ఆ తర్వాత ఆ సర్వే కాగితం దొంగ కాగితం కాదు, ఒక రైతుకి చేసిన సర్వే, అంతే. దాన్ని ఆ రైతుకి చూపించాలా వద్దా అన్నది తర్వాతి మాట.

నన్నడిగితే చూపించాలి. నువ్వు పాయింట్ చెప్పడం, సర్వేలో ఏముందో చెప్పడం రెండూ ఒకటే అనుకుంటున్నావు, అక్కడే చిక్కు పడింది. వేరే ఊళ్లో ఒక రైతు డబ్బు కట్టి సర్వే చేయించుకుంటే నువ్వేం చేస్తావు? ఇదిగో ఇక్కడ మెత్త రాయి ఇంత లోతు ఉంది, కింద గట్టి రాయి, ఇక్కడ పడే ఛాన్సు ఇంత, పడితే పక్కాయన బోరు మీద దెబ్బ పడే ఛాన్సు ఇంత, వెయ్యకపోతే ఇంకో దారి ఇది, అని చెప్పి నిర్ణయం ఆయనకి వదిలేస్తావు కదా. మీ నాయనకి మాత్రం అయితే పాయింట్ ఇవ్వాలి, లేకపోతే నోరు మూసుకోవాలి అని నీకు నువ్వే రూల్ పెట్టుకున్నావు. పరాయి రైతుకి దొరికే మర్యాద సొంత నాయనకి దొరకట్లేదు చూడు.

ఇంకో మాట, నీకు తెలిసిందే గానీ ఇంటి విషయం వచ్చేసరికి మర్చిపోయినట్టున్నావు. ఆ మీటరు కూడా దేవుడు కాదు. పైనున్న మెత్త రాయి ఎంత మందం ఉందో బాగానే చెప్తుంది గానీ ఐదొందల అడుగుల కింద వేలెడు పగులు ఉందో లేదో దానికి తెలియదు. కొబ్బరికాయ ఆయనకి అసలే తెలియదు, కాకపోతే ఆయన ఎప్పుడూ డౌట్ పడడు, అందుకే జనం ఆయన్ని నమ్ముతారు. నా సంగతి చెప్తా, నేనూ ఈ నీళ్ల పనిలో ఉన్నదాన్నే. చాలా ఏళ్ల కింద ఒక రైతుకి ఇక్కడ వెయ్యొద్దు అని గట్టిగా చెప్పా, ఆయన వినకుండా నేను వద్దన్న చోటుకి పది అడుగుల అవతల వేశాడు, 420 అడుగుల దగ్గర గ్యాప్, అంటే నీళ్లున్న రాతి పగులు, తగిలి రెండించులు పొంగింది. ఆ ఊళ్లో రెండేళ్లు నా మొహం చెల్లలేదు, టీ కొట్టు దగ్గరికెళ్తే "మేడం చెప్పిందానికి పక్కన ఏసుకో" అని జోకు. మూడు నెలలకి దిగువనున్న వితంతువు బోరు ఎండిపోయింది, దాని గురించి మాత్రం ఎవరూ జోకెయ్యలేదు. నీ పాయింటు ఫెయిలైతే ఏమవుతుందో అని నువ్వు భయపడుతున్నావు, నేనైతే అది సక్సెస్ అయితే ఏమవుతుందో కూడా ఆలోచించమంటా. అరవై మీటర్ల దూరంలో ఒకే పగులు మీద రెండు బోర్లు కూర్చుంటే కొత్త నీళ్లు పుట్టవు, చిన్నాయన ఒకటిన్నర ఇంచే రెండు ముక్కలవుతుంది. ఇప్పుడు మాటల్లేవు, అప్పుడు కోర్టు ఉంటుంది.

ఇక నీళ్ల లెక్క. ఊళ్లల్లో గోడ మీద రాయించే లెక్కే, మీ నాయన పేరు మీద ఒకసారి వేద్దాం. ఎకరా మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు. అనంతపురంలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్లు, అంటే ఎకరాకి 22 లక్షల లీటర్లు పడుతున్నాయి. అందులో ఈ గ్రానైట్ నేలలో లోపలికి దిగి బోరుకి అందేది నూటికి పది అనుకుందాం, అది కూడా ధారాళంగా వేసిన లెక్కే, సుమారు 2.2 లక్షలు. మరి చీనీ? ఎండాకాలంలో వంద పైన, చలికాలంలో తక్కువ, సగటున చెట్టుకి రోజుకి 70 లీటర్లు అనుకో, ఎకరాకి 110 చెట్లు, వానలు పడే రోజులు పోను 300 రోజులు, 23 లక్షల లీటర్లు. ఒక ఎకరా తోట పదెకరాల వాన తాగుతోంది! మూడెకరాలకి ముప్పై ఎకరాల వాన. మీ నాయనకి ఉన్నది ఐదు. మిగతా పాతికెకరాల వాన ఎవరిది అని నువ్వు అడగొద్దు, లెక్క కాగితం మీద పెట్టి ఊరుకో, ఆయనే అడుగుతాడు. తోట పెట్టిన తొమ్మిదేళ్లలో నాలుగు బోర్లు ఎందుకు అయిపోయాయో ఆయనకి లోపల తెలుసు, రైతుకి తెలియకుండా ఉండదు. అది ఆయన తప్పని కాదు, చుట్టుపక్కల అందరూ చీనీ పెట్టారు, బ్యాంకులు లోన్లిచ్చాయి, డ్రిప్పుకి సబ్సిడీ వచ్చింది, డ్రిప్ పెట్టి మిగిల్చిన నీళ్లతో ఇంకో ఎకరా పెంచారు.

నువ్వు చేసే పనికి మన జిల్లాల్లో పెద్ద చరిత్రే ఉంది. 2003 ప్రాంతాల్లో ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) సాయంతో అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ, ఈ ఏడు కరువు జిల్లాల్లో రైతులే వాన కొలుచుకుని, బోర్లల్లో మట్టం కొలుచుకుని, రబీకి ముందు కూర్చుని ఈ ఏడు ఎన్ని నీళ్లున్నాయి ఏం పెట్టుకుందాం అని లెక్కలేసుకున్నారు. అందులో నాకు నచ్చింది ఏంటంటే ఎవరికీ నువ్వు వరి మానెయ్ అని ఆర్డర్ వెయ్యలేదు, మానేస్తే ఇంతిస్తాం అని ఆశ పెట్టలేదు. లెక్క చేతికిచ్చారు, అంతే. చాలామంది తమంతట తామే మారారు, కొందరు మారలేదు. ఇక ట్రైనింగుల్లో మనం అందరికీ మహారాష్ట్రలోని హివరే బజార్ ఊరి స్లైడ్లు చూపిస్తుంటాం కదా, పోపట్‌రావు పవార్ సర్పంచ్‌గా ఉండి సేద్యానికి బోర్లే వద్దు, చెరకు వద్దు అని ఊరంతా ఒప్పుకున్న కథ, ఆయనకి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. మంచి కథే. కానీ అది ఊరు మొత్తం కలిసి తీసుకున్న మాట. ఒక్క ఇంటి ఆడబిడ్డ తన నాయన ఒక్కడి మీద పెట్టే ఆంక్ష కాదు. ఊరంతా బోర్లు వేస్తుంటే నా ఒక్కడికే ఎందుకమ్మా ఈ నీతి అని ఆయన అడిగితే నీ దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

సరే, దారులేంటో చూద్దాం. ఏదీ నొప్పి లేకుండా ఉండదు, ముందే చెప్తున్నా.

నువ్వు ఉత్తరం గట్టు పాయింట్ చెప్పి, ఆయన బోరు వేసే దారి ఉంది. చట్టం సంగతి నీకు తెలుసు, 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద కొత్త బోరుకి పర్మిషన్ కావాలి, ఊరి మంచినీళ్ల బోరుకి 250 మీటర్ల లోపలైతే మాటే లేదు, పక్క రైతు బోరుకి ఇంత దూరం అని కూడా ఉంటుంది, అరవై మీటర్లకి ఒప్పుకుంటారని నేను అనుకోను. పర్మిషన్ లేకుండా రాత్రికి రాత్రి బండి పిలిచి వేసేవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు, నిజమే, కానీ నువ్వు పని చేసే చోట ఆ చట్టం గురించి చెప్పే మనిషివి, నీకు ఆ దారి లేదు. కాబట్టి ఈ దారిలో వెళ్తే అప్లికేషన్ పెట్టి, అధికారులొచ్చి చూసి, వద్దంటే ఆగిపోవాలి. దీంట్లో ఒక లాభం ఉంది, వద్దు అనేది నువ్వు కాకుండా కాగితం అంటుంది. ఒక నష్టం ఉంది, ఆ కాగితం రాకముందే నాయన ఓపిక అయిపోయి కొబ్బరికాయ ఆయన వస్తాడు.

నువ్వు పూర్తిగా తప్పుకునే దారి కూడా ఉంది. నాయనా, నేను ఈ విషయంలో మాట్లాడను, నీ ఇష్టం అనేస్తావు. చూడ్డానికి మర్యాదగా ఉంటుంది, నీ చేతికి మట్టి అంటదు. కానీ రేపు బోరు ఫెయిలై అమ్మ గొలుసు పోయాక నీ బల్ల సొరుగులో ఆ సర్వే కాగితం ఉంటుంది చూడు, దానితో బతకడం కష్టం. నాకైతే ఈ దారి నచ్చలేదు. ఆయన నీ మాట వినకుండా వేసినా పర్లేదు గానీ నీ మాట చెప్పకుండా వెయ్యనివ్వకు.

ఒకవేళ అంతా చెప్పాక కూడా వేస్తానంటే, బండి వచ్చిన రోజు వెళ్లు. అలిగి ఇంట్లో కూర్చోకు. ఆ రాత్రి ఎట్లా ఉంటుందో నువ్వు చూసే ఉంటావు. మూడొందల అడుగులదాకా అందరూ లెక్క పెడుతుంటారు, నాలుగొందలకి ఎవరూ మాట్లాడరు, తెల్లదుమ్ము మీద పడి మీసాలు కూడా తెల్లబడి ఉంటాయి, అప్పుడు బండి అతను "ఇంకో రెండు రాడ్లు దింపుదాం పెద్దాయనా, తడి తగులుతోంది" అంటాడు, లోతు పెరిగేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది, ఆ టైములో వద్దు అనగలిగే మగాణ్ణి నేనింతవరకు చూళ్లేదు. కాబట్టి పగలే, భోజనాల దగ్గరే, తమ్ముడిని ఫోన్లో పెట్టి, ఇన్ని అడుగులకి ఆపాలి, ఒక్క అడుగు కూడా పైన వద్దు అని ఒక నంబరు రాసుకోండి. కింద నాయన సంతకం పెట్టించు. నవ్వుతాడు, పెడతాడు. గొలుసు మాత్రం ఈ లెక్కలోకి రాకుండా అమ్మ దగ్గరే ఉండనీ, దాని గురించి అమ్మని కూడా అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఇప్పుడు బోరు కాని దారులు. నాయన నిన్ను బోరు అడిగాడు గానీ ఆయన భయం బోరు గురించి కాదు, తొమ్మిదేళ్ల చెట్లు కళ్లముందు ఎండిపోతాయేమో అని. దానికి విడిగా లెక్క వెయ్యొచ్చు. ఈ ఏడు కాయ మీద ఆశ వదిలేసి పిందె దులిపేసి, 330లో బలంగా ఉన్న 165 చెట్లు మాత్రం కాపాడుకుందాం అనుకో. పాదుల్లో శనగ పొట్టో ఎండుగడ్డో మందంగా పరిచి, కొమ్మలు తేలిక చేసి, చెట్టుకి రోజుకి 40 లీటర్లు ఇస్తే ప్రాణం నిలుస్తుంది. 6,600 లీటర్లు. ఆగి ఆగి పోసే ఆ నాలుగో బోరు నిమిషానికి 50 లీటర్లు ఇస్తే, పగటి కరెంటులో ఇరవై నిమిషాల చొప్పున మూడు విడతలకి 3,000. తక్కువ పడేది 3,600. మూడు నెలలకి సుమారు 65 ట్యాంకర్లు, ఐదు వేల లీటర్లవి. మీ వైపు ట్యాంకరు 700 అనుకుంటే 45 వేల చిల్లర. బోరు ఖర్చులో పావలా వంతు కూడా కాదు, పైగా ఇది ఫెయిల్ కాదు. కరువేళ్లలో అనంతపురం రైతులు చీనీకి ట్యాంకర్లు తోలినవాళ్లే, కొత్త సంగతి కాదు. కానీ ఆ ట్యాంకరు నీళ్లు కూడా ఎవరో ఒకరి బోరువే, అది మనసులో పెట్టుకో. ఇంకోటి, సగం చెట్లు వదిలెయ్ అని చెప్పడం కాగితం మీద ఈజీ. ఏ 165 అన్నది నువ్వు గుర్తు పెట్టకు. ఆ సున్నం డబ్బా, బ్రష్షు నాయన చేతికే ఇవ్వు, పక్కన నడువు, ఎంత టైమైనా తీసుకోనీ.

చిన్నాయన బోరు. అరవై మీటర్లు అన్నావు, అది బోరుకి చాలా దగ్గర, పైపుకి కూడా చాలా దగ్గర! ఆయన పంట తడిసిపోయాక రాత్రి పూటో, రోజు విడిచి రోజో రెండు గంటల నీళ్లు, దానికి డబ్బో లేకపోతే కాయ పంటలో పాలో. అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు కొన్ని ఊళ్లల్లో రైతులు ఉన్న బోర్లని పైపులతో కలిపేసుకుని, కొత్తవి వెయ్యం అని రాసుకుని, నీళ్లు పంచుకున్నారు, బోర్లు లేని వాళ్లక్కూడా ఇచ్చారు. నీకు ఇవన్నీ నేను చెప్పక్కర్లేదు, బహుశా నువ్వే ఎక్కడో చేయించి ఉంటావు. ఇక్కడ అడ్డం నీళ్లు కాదు, ఆరేళ్ల మౌనం. నాయన పోయి అడగడు, చిన్నాయన ఊరికే ఇవ్వడు. అమ్మా చిన్నమ్మా ఉన్నారు కదా, ముందు వాళ్లిద్దరి మధ్య మాట నడవనీ. చిన్నమ్మకి నిజం చెప్పొచ్చు, మా ఆయన ఐదో బోరు వేద్దామనుకుంటున్నాడు, గట్టు పక్కన వేస్తే మీ బోరుకి కూడా మంచిది కాదు, నీళ్లు పంచుకుంటే ఇద్దరికీ మిగులుతాయి అని. జాగ్రత్త, ఈ మాట బెదిరింపులాగా వెళ్తే మొత్తం చెడిపోతుంది, అడిగినట్టు వెళ్లాలి. చిన్నాయన గట్టు విషయం తేల్చమంటాడు, నాకు తెలిసినంతవరకు ఖాయంగా అంటాడు. అప్పుడు మూడడుగుల గట్టు ఎక్కువా, మూడెకరాల తోట ఎక్కువా అని నాయన తేల్చుకోవాలి. ఆయన గట్టే ఎక్కువ అన్నా నేను ఆశ్చర్యపోను.

ఇక నువ్వు చివర్లో ఊరికే రాసిన ఆ రెండు లైన్లు. చెల్లీ, అవి చదివి నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకు. మా ఊరికి కూడా నాలాంటి వాళ్లు ఎవరైనా వస్తే బాగుండు అంటావా? మూడొందల ఇళ్లు, పన్నెండొందల మంది అనుకుందాం. ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల్ జీవన్ పథకం లెక్క ప్రకారం మనిషికి రోజుకి 55 లీటర్లు, మొత్తం 66 వేలు. వాడిన నీళ్లల్లో ముప్పావు వంతు కాలవలోకే వస్తాయి, యాభై వేల లీటర్లు. కుళాయిలు లెక్క ప్రకారం పోస్తాయా అంటే నేనేం చెప్పలేను, సగమే వస్తున్నాయనుకున్నా పాతిక వేలు, రోజూ, ఎండాకాలం కూడా, మీ తోట చివర్లోకొచ్చి దోమల్ని పెంచుతున్నాయి. చెట్టుకి వంద చొప్పున మొత్తం తోటకి ఎండల్లో కావాల్సింది 33 వేలు. మీ నాయన వెయ్యి అడుగుల కింద వెతుకుతున్నవి అక్కడ కంపు కొడుతున్నాయి.

అట్లని రేపే మోటరు పెట్టి తోడొద్దు. చీనీకి ఉప్పు పడదు, సబ్బు నీళ్లల్లో ఉప్పు ఉంటుంది, నేరుగా పోస్తే రెండేళ్లకి చెట్టూ పోతుంది నేలా పోతుంది. ముందు నీళ్లు టెస్ట్ చేయించాలి. ఏ ఇంటి సెప్టిక్ ట్యాంకు పైపు కాలవలో కలిసిందో ఇల్లిల్లూ తిరిగి చూడాలి, అది ఊళ్లో గొడవైన పని. తర్వాత మట్టి దిగే గుంత, కంకర పడక, మెట్టతామర మొక్కలు, నువ్వు వేరే ఊళ్లల్లో కట్టించినవే. దిగువన ఆ నీళ్ల మీద ఇప్పటికే ఎవరైనా గడ్డో కూరగాయలో పెట్టుకుని ఉంటే వాళ్లది ముందు హక్కు, అది చూసుకో. డబ్బు పెద్ద కష్టం కాదు, రెండో విడత స్వచ్ఛ భారత్‌లో ఐదు వేల లోపు జనాభా ఊరికి మురుగునీటి పనికి మనిషికి 280 రూపాయలు అని పెట్టారు, ఆ లెక్కన మీ ఊరికి మూడు లక్షల చిల్లర, పంచాయతీ ఆర్థిక సంఘం నిధుల్లోంచి కూడా పెట్టుకోవాలి. కష్టం ఎక్కడంటే, నీళ్ల మేడం ఊరి డబ్బుతో వాళ్ల నాయన తోటకి నీళ్లు కట్టించుకుంది అనే మాట మొదటి వారంలోనే పుడుతుంది. అందుకే ఈ పని నువ్వు చెయ్యకూడదు, మీ సంస్థలో ఇంకొకరు చెయ్యాలి, నువ్వు ఇంటి మనిషినని ముందే చెప్పి పక్కకి జరగాలి. శుద్ధి అయిన నీళ్లు గ్రామసభలో అందరి ముందు వేలం వెయ్యాలి, నాయన కూడా అందరితో పాటు పాడుకోవాలి. ఇంకొకరు ఎక్కువ పాడితే నీళ్లు వాళ్లకే వెళ్తాయి, దానికీ సిద్ధపడాలి. ఏది ఎంత తొందరగా కదిలినా ఈ వేసవికి ఇది అందదు, వచ్చే వేసవి మాట. ఈ వేసవికి ట్యాంకరు, చిన్నాయన, సున్నం డబ్బా, ఇంతే.

ఉద్యోగం సంగతి. మానేస్తే బాధ పోదు, ఇంకా నాయన బోరు వేసుకోవడానికి నువ్వే దారి ఇచ్చినట్టు అవుతుంది, అంతే. మీటింగులో లేచి అడిగిన ఆ రైతు నీ మీద నిందేమీ వెయ్యలేదు, ఆయన నిజంగానే తెలుసుకోవాలనుకున్నాడు, ఈమె చెప్పేది ఈమె ఇంట్లో నడుస్తుందా అని. వచ్చే మీటింగులో నువ్వే ఎత్తు ఆ మాట. అవును, మా నాయన అయిదోది వేస్తానంటున్నాడు, ఇదిగో మా తోట లెక్క, మీరైతే ఏం చేస్తారో చెప్పండి అని ఆ కాగితం వాళ్ల ముందు పెట్టు. ఊరి పేరు, ఇంటి గొడవ చెప్పక్కర్లేదు, లీటర్లు చాలు, నాయన ఒప్పుకుంటేనే చెయ్యి. కొందరు ఇంకా నవ్వుతారు. కొందరు నీకన్నా మంచి సలహా ఇస్తారు, ఇది నా అనుభవం. నాయన చివరికి బోరు వేసినా సరే, వేశాడు, ఇన్ని అడుగులు, ఇంత ఖర్చు, ఇన్ని నీళ్లు అని అదే కాగితం మీద రాసి అక్కడే చూపించగలిగితే నీ ఉద్యోగానికి ఏమీ కాదు.

మొదలెట్టాలంటే ఈ ఆదివారమే వెళ్లు, మీటరు లేకుండా. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి ఆ నాలుగో బోరు కింద పెట్టు, ఫోన్లో టైము నాయన్ని చూడమను, ఎన్ని నిమిషాలకి నిండిందో ఆయనే చెప్పాలి, నేను వేసిన 50 లీటర్ల అంచనా తప్పయితే పై లెక్కంతా మారుతుంది. తర్వాత కాలవ నీళ్లు రెండు సీసాల్లో పట్టుకో, ఒకటి పొద్దున తొమ్మిదింటికి, ఒకటి సాయంత్రం. కలిపెయ్యొద్దు, విడివిడిగా పేరు రాసి టెస్టుకి ఇవ్వు, పొద్దున బట్టలుతికే టైములో సబ్బు ఎక్కువ ఉంటుంది. రిజల్ట్ వచ్చాక ఇంకో ఉత్తరం రాయి, చిన్నమ్మ ఏమందో కూడా.